రెండు క్యాన్ల ఊట నీళ్లు

రిటైరైన హెడ్మాస్టరు క్యాన్లతో రోడ్డు పక్క ఊట దగ్గరికి వెళ్లేసరికి, నీటి సరఫరా శాఖలో పనిచేసే బావమరిది మోకాలి లోతు గుంటలో నిలబడి పెద్ద పానాతో ఏదో బిగిస్తున్నాడు.

"ఇది ఊట కాదు బావగారూ. మా పైపు పగిలింది. ఇవాళ బాగుచేసి తీరాలని ఆఫీసరు ఆర్డరు. మీ ఇంటి కుళాయిలో వచ్చేవీ ఈ నీళ్లే."

"నీ మొహం! వీటితోనే మీ అక్క మోకాళ్ల నొప్పులు తగ్గాయి. కుళాయి నీళ్లు తనకి గొంతు దిగవు."

బావమరిది జాలిగా చూసి పానా మరొక్క చుట్టు తిప్పాడు. కొండ గర్భంలోంచి వస్తోందని హెడ్మాస్టరు కనబడ్డవాళ్లందరికీ పాఠం చెప్పిన ధార, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఖాళీ క్యాన్లతో ఇంట్లో అడుగుపెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. పెరటి కుళాయి దగ్గర దొంగలా నింపుకొచ్చి, భార్యకు గ్లాసుడు అందించాడు. ఆవిడ కళ్లు మూసుకుని తాగింది.

"అబ్బ, అమృతం!"

ఆయన చతికిలబడి జరిగిందంతా చెప్పేశాడు. "ఇన్నాళ్లూ నీచేత పైపు నీళ్లు తాగించానే."

"తెలుసు లెండి. తమ్ముడు ఎప్పుడో చెప్పాడు. బాగుచెయ్యొద్దని నేనే వాణ్ణి బతిమాలి ఆపాను."

"ఎందుకూ?"

"రిటైరయ్యాక గరిటె ఎలా పట్టుకోవాలో కూడా మీరే నేర్పుతున్నారాయె. మీరు నీళ్లకెళ్లిన ఆ కాసేపే నాకు ఊపిరాడేది."

ఆవిడ ఆయన భుజం మీద చెయ్యేసి, ఎంతో ప్రేమగా అంది:

"రేపు ఇంకో ఊట చూడండి. కాస్త దూరమైనా ఫర్లేదు."