కనకలక్ష్మి కాలు

“మెల్లగా లక్ష్మీ, తొందరేం లేదు. నేనున్నాగా,” అన్నాడు భీమేశ్వరరావు, సందంతా వినబడేలా.

హైటెక్ సిటీ నుంచి ఆఫీసు వ్యాను ఆయన్ని మాదాపూర్ సందు మొదట్లో దింపి వెళ్లింది. కాలికి కాస్త వ్యాయామమని, భార్య కనకలక్ష్మిని రోజూ అక్కడిదాకా ఎదురు రమ్మనేవాడు. ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఆమె నొచ్చుకోకుండా తన నడక కూడా తగ్గించుకుని, ఆగి ఆగి ఇంటికి తీసుకొచ్చేవాడు.

గేటు దగ్గర నిలబడి చూసే ఇంటి యజమానురాలు చెన్నమ్మకు కడుపు నిండిపోయేది.

మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నరాల జబ్బు సంగతి భీమేశ్వరరావే చెన్నమ్మకు చెప్పాడు. అడుగు వేస్తే పాదం పైకి లేవదట, నేలకు రాసుకుంటుందట. లక్ష్మి మెట్లెక్కలేదన్నందుకే చెన్నమ్మ కింది వాటా వాళ్లకిచ్చి, తన మోకాళ్ల నొప్పులతో తాను మేడ మీదికి మారింది.

చెన్నమ్మకు తెలిసిందంటే మాదాపూర్‌కంతా తెలిసినట్టే. పక్క వీధి బడిలో లెక్కలు చెప్పే కనకలక్ష్మిని, పిల్లల ముందు పడిపోతే బాగుండదని హెడ్మాస్టరు ఉద్యోగం మానుకోమన్నాడు. ఆమె ఏదో చెప్పబోయి, భర్త వైపు చూసి ఊరుకుంది.

“నా ప్రమోషన్ తేలేదాకా ఓపిక పట్టు లక్ష్మీ,” అన్నాడాయన.

మొగుడి జీతం పెరిగితే ఆమెకు ఉద్యోగమెందుకని చెన్నమ్మ కూడా సర్దిచెప్పింది. కనకలక్ష్మి ఆమెను అదోలా చూసింది.

చెన్నమ్మ తన మొగుడు బాలనర్సయ్యకు రోజూ ఈ మహానుభావుడి కథే వినిపించేది. ఒకసారి బజారుకు పోతూ చెయ్యి పట్టుకొమ్మంది.

“ఎందుకే, కండ్లు కనవడ్తలేవా?” అన్నాడాయన. ఆ పూట ఆయనకు కూర పడలేదు.

ఇంతలో కరెంటు వైద్యం మాట వచ్చింది. నడుముకు పేజరంత డబ్బా, దాన్నుంచి మోకాలి కిందికి తీగలు. మడమ నేల విడిచినప్పుడల్లా నరానికి కరెంటు తగిలి పాదం లేస్తుందట. జబ్బు పోదుగానీ నడక బాగుపడుతుందట. లక్ష్మికి కరెంటంటే భయమనీ, తాను పక్కనే ఉంటాననీ చెప్పాడు భీమేశ్వరరావు. చెన్నమ్మ తోడొస్తానంటే, లక్ష్మి సిగ్గుపడుతుందని వద్దన్నాడు.

వాళ్లు వెళ్లాక చెన్నమ్మకు మనసు ఆగలేదు. డబ్బాలో పప్పన్నం సర్దుకుని, ఇంకో ఆటో ఎక్కి దవాఖానకు చేరింది. అక్కడ కనకలక్ష్మి ఒక్కతే తెర ముందు నిలబడి ఉంది. ఇన్నాళ్లూ ఎందుకు ఆలస్యం చేశారని లోపల ఎవరో మందలిస్తున్నారు.

“నిలవడ్డవేంది బిడ్డా, జర కూసో. సారు నిన్నొక్కదాన్నే ఇడిచి యాడికి పోయిండు?”

కనకలక్ష్మి చాలాకాలం తర్వాత నవ్వింది. తెరను పూర్తిగా పక్కకు లాగేసింది.

బల్ల మీద చాచిన కాలికి తీగలు అతికించి ఉన్నాయి. కరెంటు తగిలినప్పుడల్లా, వాలిపోయిన పాదం మెల్లగా పైకి లేస్తోంది.

ఆ కాలు భీమేశ్వరరావుది.