చప్పట్లు వద్దన్న పోటీ

"అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టండి! ఇంకా గట్టిగా! మన ప్రత్యేక క్రీడాకారిణి కోసం!"

మైకులో ఆ మాట మోగేసరికి గువ్వ అప్పటికే విల్లెత్తి నారి లాగింది. అదే ఆఖరి బాణం. మామూలుగా వేసినా గెలుపు ఆమెదే. ఇంతలో మైదానం చుట్టూ ఉన్న జనమంతా లేచి నిలబడ్డారు. చప్పట్ల మోత గువ్వ తలలోకి మేకుల్లా దిగింది. వేళ్లు పట్టు తప్పాయి. బాణం ఎటో పోయి గడ్డిలో గుచ్చుకుంది. గువ్వ విల్లు వదిలేసి, చెవులు మూసుకుని, కళ్లు బిగించుకుని అక్కడే ముడుచుకుపోయింది.

పాపం, ధైర్యం చెబుతున్నామనుకుని జనం ఇంకా గట్టిగా కొట్టారు.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. అలాంటప్పుడు కూతుర్ని ముట్టుకోకూడదని ఆమెకు తెలుసు. పక్కన చతికిలబడి, శాలువా విప్పి ఎండ తగలకుండా పట్టుకుంది.

గువ్వకు ఆటిజం. నలుగురికీ మామూలుగా వినపడే చప్పుడు ఆమెను నిలువునా కోసేస్తుంది. మొదట్లో క్లబ్బువాళ్లు ఆమెను చేర్చుకోం పొమ్మన్నారు. అమ్మ బట్టలు కుడుతుంది, మాట మాత్రం కత్తెరే. "నా పిల్ల గురి చూడండి, చెవుల సంగతి తర్వాత మాట్లాడదాం" అని వాళ్ల గుమ్మం అరిగేలా తిరిగింది. చివరికి ఈలకు బదులు జెండా ఊపడానికి, చప్పట్లకు బదులు చేతులెత్తడానికి ఒప్పించింది. ఇంట్లో కూడా అంతే. గువ్వ ప్రాక్టీసుకు వెళ్లాకే కుట్టుమిషను తొక్కేది.

ఈ పోటీలో గెలిచినవాళ్లు దూరాన ఉన్న శిక్షణ శిబిరంలో ఏడాదిపాటు ఉండాలి. ఇంటివాళ్లను రానివ్వరు. చివరికి మిగిలింది ఇద్దరే, గువ్వ, నిచ్చెన. ఆ పొడుగుపిల్లకు ఆ పేరు పెట్టింది గువ్వే. క్లబ్బులో గువ్వ పక్కన మాట్లాడకుండా నడవడం తెలిసింది ఆమె ఒక్కదానికే.

మర్నాడు కోచ్ ఇంటికొచ్చాడు. తలెత్తి చూడలేకపోయాడు.

"చేతులెత్తించండి చాలని ఆ మైకాయనకి నేనే చెప్పానమ్మా. తర్వాత ఎవరో వెళ్లి మాట మార్చారట."

"ఎవరు?" అంది గువ్వ.

"మనవాళ్లే అన్నాడు. ఆ గొడవలో పేరు అడగలేకపోయాను. ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు."

"ఇంకా అడగడమెందుకండీ?" అంది అమ్మ, మిషను మీది గుడ్డ మడతపెడుతూ. "చప్పట్లు కొడితే ఇదేమైపోతుందో తెలిసినవాళ్లు ఎంతమందున్నారు? ఎవరికి లాభమో వాళ్లే చేసుంటారు."

గువ్వకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తనకేది భరించడం కష్టమో నిచ్చెనకు తనే విడమరిచి చెప్పింది. నమ్మి తాళంచెవి ఇస్తే ఇల్లు దోచుకుపోయింది.

ఆ సాయంత్రం నిచ్చెన వచ్చింది. తలుపు అమ్మ తీసింది.

"ఆంటీ, ఒక్కసారి గువ్వతో మాట్లాడాలి."

"చేసింది చాల్లే తల్లీ, వెళ్లు."

"నేనేం చేశాను? ఆంటీ, మీరు..."

తలుపు మూసుకుంది. లోపలి గదిలోంచి గువ్వ అంతా వింది. లేచి వెళ్లలేదు. నిచ్చెన పంపిన సందేశాలు చదవకుండానే చెరిపేసింది. ఆ పిల్ల శిబిరానికి బయల్దేరిన రోజున గోడవైపు తిరిగి పడుకుంది.

"పోనీలే," అంది అమ్మ మంచం పక్కన కూర్చుని. "అంత దూరంలో నీ మనసెరిగి మసలుకునేవాళ్లెవరు? నీకు నేనున్నాను."

"నేను గెలిచేదాన్నమ్మా."

అమ్మ కళ్లు తుడుచుకుంది.

కొన్నాళ్లకు గువ్వ మళ్లీ మైదానానికి వెళ్లింది. బాణం గురికి తగులుతోంది కానీ మనసు కుదురుకోవడం లేదు. నిచ్చెన నిలబడి బాణం వేసే పక్క గీత ఖాళీగా ఉంది. అటు చూడకూడదనుకుంటూనే మాటిమాటికీ చూసింది.

వేరే కార్యక్రమం కోసం ఎవరో సౌండు బాక్సులు దించుతున్నారు. అందులో ఒకాయన ఆమెను చూసి ఆగిపోయాడు. కాస్త దూరంలోనే నిలబడి, గొంతు బాగా తగ్గించి పిలిచాడు.

"అమ్మా, ఆ రోజు మైకులో మాట్లాడింది నేనేనమ్మా. మీ కోచ్ ఫోన్ ఎత్తడానికి కూడా మొహం చెల్లలేదు. నన్ను క్షమించాలి."

గువ్వ బాణాన్ని అంబులపొదిలో పెట్టేసింది. "చేతులెత్తమనాలి కదా. ఎందుకలా చేశారు?"

"అలాగే చేద్దామనుకున్నాను. ఆఖరి బాణాలకి ముందు ఒకరొచ్చి, ఇప్పుడు మీకు చప్పట్లంటే ప్రాణమని, ఎంత గట్టిగా కొట్టిస్తే అంత ధైర్యమొస్తుందని చెప్పారు. నమ్మేశాను."

"తెలుసు. నిచ్చెన."

"ఎవరు, ఆ పొడుగమ్మాయా?" ఆయన గాబరాగా తల అడ్డంగా ఊపాడు. "రామరామ! మీరు కిందపడగానే ఏడుస్తూ వచ్చి నా చేతిలో మైకు ఆపేసింది ఆ పిల్లే. నన్ను చెడామడా తిట్టింది కూడా."

మూసుకున్న తలుపు, చెరిపేసిన సందేశాలు, ఖాళీ గీత గువ్వ కళ్లముందు గిర్రున తిరిగాయి.

"మరి మీకు చెప్పిందెవరు?"

ఆయన ఇబ్బందిగా నేలవైపు చూశాడు.

"మీ అమ్మగారు."