పొడిచే హక్కు

తమ్ముడు పోలయ్యకి,

వాటాలు పంచుకుని పన్నెండేళ్లయినా మా వెనక గుమ్మం తాళంచెవి నువ్వు తిరిగివ్వలేదు. మనకి మాటల్లేవు కాబట్టి పక్క వాటాకే కార్డు రాస్తున్నాను.

నెల్లాళ్లుగా నేను చేపల వేలంపాటకి వెళ్లగానే ఆ గుమ్మం ఎవరో తీస్తున్నారు. నువ్వేననుకున్నాను. రాజోలు వెళ్లి ప్లీడరు గారిని అడిగాను.

"ఇంట్లో దూరినవాణ్ణి బల్లెంతో పొడవొచ్చా అండి?"

"పట్టపగలు కదండీ. మీకు ప్రాణభయం ఉంటేనే చట్టం ఒప్పుకుంటుంది."

"నేను భయపడే రకం కాదండి."

"అయితే పొడిచే హక్కూ లేదండి."

ఆ మాట నాకు నచ్చలేదు. నిన్న పాటకి వెళ్లినట్టే వెళ్లి, తిరిగొచ్చి వలల చాటున కూర్చున్నాను. తలుపు తెరుచుకోగానే బల్లెం ఎత్తాను.

వచ్చింది నీ పెళ్లాం వీరదుర్గ. పెద్దవాణ్ణని నా వాటాకొచ్చిన ఇలవేల్పు ముందు దీపం పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"మీ తమ్ముడికి గుండె ఆపరేషనండి, బావగారూ. మీకు చెబితే చంపేస్తానన్నారు. అమ్మవారేమో మీ దగ్గరే ఉందాయె."

నేను ఒక్క అడుగు ముందుకేసుంటే ఆవిణ్ణి పొడిచేసేవాణ్ణి.

ఆపరేషను ఎక్కడో, ఏ రోజో ఎంతడిగినా వీరదుర్గ చెప్పలేదు. చెప్పొద్దన్నది నువ్వే. శుక్రవారంలోగా రాయి. ఆపరేషను గది బయట నేను కూర్చుంటాను. వద్దంటే ఆ మాటా శుక్రవారంలోగానే రాయి.