జోడించని చేతులు

“చేతులు కట్టుకునుడు కాదు, జోడించాలె,” అన్నాడు గోపాల్.

లాల్ బీ కట్టుకున్న చేతులు విప్పలేదు. కట్టంగూర్ దగ్గరి ఆ ఊళ్ళో పంచాయతీ ఆఫీసు ముందు జనమంతా నిలబడి ఆమెనే చూస్తున్నారు. నిన్న సాయంత్రం దాకా ఇదే గోపాల్ ఆమె హోటల్ బల్ల మీద కూర్చుని, ‘అత్తా, చాయ్‌ల అల్లం జర ఎక్కువెయ్యి’ అని గారాబం పోయినవాడు. తెల్లారేసరికి అత్త పోయి ఉత్త లాల్ బీ మిగిలింది.

జరిగింది ఇది. రాత్రి గుట్ట మీద బీరన్న మందలోంచి మూడు మేకలను ఎవడో ట్రాలీ ఆటోలో వేసుకుపోయాడు. చౌటుప్పల్ దగ్గర పోలీసులకు దొరికిపోయాడు. అప్పటికే టార్పాలిన్ కింద ఊపిరాడక మూడూ చచ్చిపోయి ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడానికి పోలీసులు బీరన్నను గుట్ట మీది నుంచే బండెక్కించుకుపోయారు. ఆయన ఫోన్ పలకడం లేదు. ఊళ్ళో సగం ఇళ్ళ మేకలు ఆయన దగ్గరే మేస్తాయి కాబట్టి, పోయినవి ఎవరివోనని ప్రతి ఇంట్లోనూ గుబులే. ఆ గుబులు తీరకముందే దొంగ పేరు ఊళ్ళోకి వచ్చింది. ముస్తకీమ్. అంతే, మేకలు వెనక్కి పోయాయి, పేరు ముందుకొచ్చింది.

ఊళ్ళో సాయిబుల ఇళ్ళు నాలుగే. ఆ నాలుగిళ్ళ పెద్దలూ, మేకలు పోగొట్టుకున్నవాళ్ళ ముందు చేతులు జోడించి మాఫీ అడగాలని గోపాల్ యువజన సంఘం తీర్మానం చేసింది. అడగకపోతే లాల్ బీ హోటల్‌కు తాళం పడుతుంది. అది పంచాయతీ జాగా. ఆ హోటల్ పొయ్యి వెలిగితేనే ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఆమె మరిది, టైలర్ అహ్మద్ అలీ పొద్దున్నే వచ్చి చేతులు జోడించేశాడు. ఇప్పుడు పక్కకు చేరి, రెండు మాటలే కదా భాభీ, అనేస్తే నోటి ముత్యాలేమైనా రాలతాయా అని గొణిగాడు.

“నువ్వు ఏ మేకనెత్కపోయినవని జోడించినవ్ రా?” అంది లాల్ బీ, అందరికీ వినపడేటట్టే.

అహ్మద్ అలీ జనంలోకి వెనక్కి జరిగాడు.

“మాట తప్పియ్యకు,” అన్నాడు గోపాల్. “దొంగ మీవోడు గాదా?”

“మావోడెట్లయితడు? ఆనిది జడ్చర్ల అట. ఆని మొఖం గూడ నేనెరుగ.”

“మీ మతపోడు గాదా అంటున్న.”

లాల్ బీ జనం వైపు తిరిగింది.

“పోయిన యాసంగిల బాయిల కాడ మోటర్ల తీగలు కోసుకపోయిందెవలు?”

కోసింది ఈ ఊరి ప్రవీణే అని అందరికీ తెలుసు. ఆ తీగలు లేక ఎన్ని మడులు నెర్రెలు వాసాయో, అందులో లాల్ బీ కొడుకు ఫైసల్ కౌలుకు పట్టిన మడి ఎట్లా ఎండిందో కూడా తెలుసు.

“ఆడు దొంగ,” అన్నాడు గోపాల్. “దొంగకు మతమేంది?”

“నేను గూడ గదే అంటున్న బిడ్డా.”

వెనక ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. గోపాల్ చెవులు ఎర్రబడ్డాయి. చాయ్ కొట్టు ముసలిదానికి ఇంత పొగరు పనికిరాదని అతని పక్కనున్న కుర్రాళ్ళు కేకలేశారు.

సర్పంచ్ ఐలేశం కల్పించుకున్నాడు. మంచివాడే కానీ, గాలివాటం చూసి తూర్పార పట్టే మనిషి. ఊరన్నాక పట్టూ విడుపూ ఉండాలని, పెద్దమనిషి ఒక మెట్టు దిగితే పిల్లలు రెండు మెట్లు దిగుతారని చెప్పుకొచ్చాడు. కాదంటే మాత్రం హోటల్ విషయంలో తాను చేయగలిగిందేమీ లేదన్నాడు.

లాల్ బీ బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసింది. నాలుగడుగులు వేసి ఐలేశం ముందున్న బల్ల మీద పెట్టింది.

“ఇగో. పొయ్యి మీద పాలున్నయి, దించి తాళమేస్కోండ్రి. నేను పత్తి ఏరబోయి బతుకుత. ఆ దొంగను జైల్ల ఎయ్యిండ్రి, ఎన్నేండ్లన్న ఎయ్యిండ్రి, ఒద్దన్ననా? గని నేను చెయ్యని తప్పుకు చేతులు జోడియ్య. ఇయ్యాల జోడిస్తే, రేపు ఏ ఊళ్ళె ఎవడేం చేసినా మళ్ళ నన్నే పిలుస్తరు. నేను సచ్చినంక నా మనుమరాలు మిస్బాను పిలుస్తరు.”

ఇందాక నవ్వినవాళ్ళు కూడా ఇప్పుడు నవ్వలేదు. గోపాల్ చెయ్యి తాళంచెవి మీదికి పోయింది.

అంతలో ఆటో వచ్చి ఆగింది. బీరన్న దిగాడు. మాసిన తలరుమాలు, నిద్ర లేని కళ్ళు. ఎవరివి, ఎవరివి అంటూ జనం ఆయనను చుట్టుముట్టారు. చెవులకు తాను ఇంటికో తీరుగా పెట్టిన గాట్లు చూసి గుర్తుపట్టానని, మూడూ ఒక్క ఇంటి మేకలేనని బీరన్న చెప్పాడు.

గోపాల్ అందరినీ తోసుకుంటూ వచ్చి గొంతు పెంచాడు.

“ఎవలింటియో ఆళ్ళను ముందలికి పిలువు బీరన్నా. ఆళ్ళ ముందట ఈమె చేతులు జోడించేదాక ఇడిసేది లేదు.”

బీరన్న అతని వంక చూశాడు, బల్ల మీది తాళంచెవి వంక చూశాడు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

“ఎవల్ని పిలువమంటవ్ రా? మూడూ లాల్ బీ అక్క మేకలే.”