బజారులో దొరకని రంగు

"చెయ్యి కదపకు. రంగు పక్కకి పోతోంది," అంది భార్య నూరిస్.

ఎలాదియో చెయ్యి బిగబట్టాడు. ప్రతి బేస్‌బాల్ ఆటకీ ముందు అతని కుడిచేతి గోళ్లకి ఆమె ఈ నారింజ రంగు వేస్తుంది. బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని, ఏ బంతి వెయ్యాలో వేళ్లతో, బంతి విసిరే పిచ్చర్‌కి సైగ చెయ్యడం క్యాచర్‌గా అతని పని. వాళ్ల సాన్ పెద్రో జట్టు పిచ్చర్ ఫౌస్తోకి దీపాల వెలుతురులో చూపు మసక. ఈ రంగు ఉంటే తప్ప వేళ్లు ఆనవు. నూరిస్ తన పార్లర్‌లో ఏవేవో సీసాలు కలిపి చేసింది. బజారులో దొరకదు.

"ఆ కొత్త కుర్రాడు హైరో బాగా ఆడతాడా?"

"ఆడకేం? కుర్ర మోకాళ్లు! నేను కూర్చుంటే దేవుడు దిగొచ్చి లేపాలి. కానీ వాడి వేళ్లు ఫౌస్తోకి కనపడి చావవుగా! ఇవాళ ప్రాక్టీసులోనూ కనపడకపోతే చోటు నాదేనన్నాడు మేనేజరు."

"కనపడితే?"

"ఏముంది, వీధి చివర ముసలాళ్లతో డోమినోలు ఆడుకోవడమే. ఆట లేకపోతే నేనెవర్ని నూరిస్?"

ఆమె అతని ఇంకో వేలు అందుకుంది.

"తలనొప్పి తగ్గిందా?"

"మళ్లీ మొదలెట్టావూ! ముసుక్కి బంతి తగలడం క్యాచర్‌కి మామూలే."

"మామూలా? ఆ రోజు ఇంటికొచ్చి, మన పిల్లని చూసి ఎవరమ్మాయని అడిగావు. ఇంకో దెబ్బ తగిలితే మనిషి దక్కడన్నాడు డాక్టరు."

"మర్నాటికి గుర్తుపట్టలేదా ఏం? మేనేజరుకి మాత్రం చెప్పకు, నీకు దణ్ణం పెడతా."

"పిల్ల మీద ఒట్టు, చెప్పను," అంది నూరిస్, సీసా అడుగుని కుంచెతో గీకుతూ.

"అదేంటి, మొన్న నిండుగా ఉందిగా?"

"ఎండకి ఆరిపోయిందిలే."

సాయంత్రం మైదానంలో దీపాలు వెలిగాయి. ముందు హైరో ముసుగేసుకుని కూర్చున్నాడు. ఎలాదియో కంచె పట్టుకుని నిలబడ్డాడు.

"చూపించు నాయనా, చూపించు! నీకు చెయ్యుందో లేదో కూడా ఆ గుడ్డాడికి తెలీదు!"

జట్టంతా గొల్లుమంది. ఫౌస్తో తలూపి బంతి విసిరాడు. సరిగ్గా హైరో అడిగిన చోటే పడింది. మళ్లీ విసిరాడు. మళ్లీ అక్కడే. నవ్వులు ఆగిపోయాయి.

"ఏరా ఫౌస్తో, కనపడుతోందా?" అని కేకేశాడు మేనేజరు.

"పట్టపగల్లా ఉంది!"

మేనేజరు వచ్చి ఎలాదియో భుజం తట్టి వెళ్లిపోయాడు. ఎలాదియో కంచె వదిలి హైరో వైపు చూశాడు. ఇన్నాళ్లు కనపడని ఆ వేళ్లు ఇవాళ ఎలా కనపడ్డాయి?

హైరో ముసుగు తీసి, తలొంచుకుని దగ్గరికొచ్చాడు.

"నన్ను తిట్టుకోకన్నా," అంటూ చెయ్యి చాపాడు.

ఆ గోళ్లు నారింజ రంగులో మెరుస్తున్నాయి.