ముందు పిలుపు

ఆసుపత్రివాళ్ళు ముందు రుపెర్తోను పిలిచారని తెలియగానే అర్హెనిస్‌కు తింటున్న మొక్కజొన్న అరేపా రొట్టె చేదైపోయింది.

కుమనా పట్టణంలో ఇద్దరిదీ ఒకే వీధి. రుపెర్తో కూతురి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడింది అర్హెనిసే. అందుకే ఒకరినొకరు "కొంపాద్రే" అని పిలుచుకుంటారు. పేగు కోయించుకుని, పొట్టకు పెట్టిన కన్నం మీద మలం సంచి అతికించుకుని తిరుగుతున్నదీ ఆ వీధిలో ఈ ఇద్దరే. పేగు చివరలు మళ్ళీ కలిపి కుడితే సంచి పీడ వదులుతుందని డాక్టరమ్మ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చెప్పింది. చాలామందికి అతుకుతుందట. కొందరికి కుట్టు కారుతుందట, అప్పుడు ప్రాణం మీదికే రావచ్చట. బాగా ఆలోచించుకోమంది. ముందు సరేనన్నది అర్హెనిస్. పిలుపు మాత్రం రుపెర్తోకి ముందొచ్చింది.

రుపెర్తో అనుకున్నదానికంటే చాలా ఆలస్యంగా ఇల్లు చేరాడు. ఆపరేషన్ అయ్యాక కారూపనోలో చెల్లెలింట్లో విశ్రాంతి తీసుకున్నాడని అతని భార్య యహైరా చెప్పింది. విశ్రాంతా, విందులా అని అర్హెనిస్ లోలోపలే కుళ్ళుకున్నాడు.

"ఎలా ఉంది కొంపాద్రే?" అని గేటు బయటినుంచే అడిగాడు.

"హాయిగా ఉంది. నీకు పిలుపొస్తే వెనకాడకు," అన్నాడు రుపెర్తో, కుర్చీలోంచి లేవకుండానే.

ఆ తర్వాత మనిషి మారిపోయాడు. సాయంత్రాలు డొమినో ఆటకు రాడు. సముద్రానికి వెళ్దామంటే పనుందంటాడు. ఒకసారి కౌగిలించుకోబోతే చెయ్యి అడ్డుపెట్టి ఆపాడు. ఒళ్ళు బాగుపడ్డవాడికి పాత స్నేహం కంపు కొడుతోందని అర్హెనిస్ వీధంతా చెప్పుకుని తిరిగాడు.

తీరా తనకు పిలుపొచ్చేసరికి భయం పట్టుకుంది. వెళ్ళనని ఇంట్లో మొండికేశాడు. ఆ కబురు ఎవరు చేరవేశారో, రుపెర్తో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వెళ్ళనంటున్నావట?"

"నీకేం, గట్టెక్కినవాడివి. కుట్టు కారితే పోయేది నా ప్రాణం."

"నన్ను చూడు. నేను బతికి లేనూ?"

వదులు చొక్కాలో నిటారుగా నిలబడ్డ ఆ మనిషిని చూస్తే అర్హెనిస్‌కు ఒళ్ళు మండిపోయింది. వీడికి దక్కింది నాకెందుకు దక్కదు? ఆ కడుపుమంటతోనే వెళ్ళి ఆపరేషన్ బల్ల ఎక్కాడు.

కుట్టు నిలిచింది. కాస్త నడవగలిగిన రోజే చొక్కా ప్యాంటులోకి దోపుకుని, పనిగట్టుకుని రుపెర్తో ఇంటికి వెళ్ళాడు.

"ఇక నా కంపుకి భయపడక్కర్లేదులే. ఆటకు రావచ్చు," అని దెప్పాడు.

రుపెర్తో ఆ మాట పట్టించుకోలేదు. అర్హెనిస్ నడుము వంక చూసి, రెండు చేతులూ పట్టుకుని, నవ్వుతూనే ఉండిపోయాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. వాడి మొహం మాడితే చూద్దామని వచ్చిన అర్హెనిస్‌కు ఆ సరదా తీరనేలేదు. విసురుగా వెనుదిరిగాడు.

గేటు దాకా వెంట వచ్చిన యహైరా ఒకసారి లోపలికి చూసి గొంతు తగ్గించింది.

"అన్నయ్యా, మీ దగ్గర సంచులు మిగిలుంటే ఇస్తారా? మందుల షాపుల్లో దొరకట్లేదు. ఈయనకి కుట్టు కారిపోయి, చావు తప్పి, మళ్ళీ సంచే పెట్టారు. తెలిస్తే మీరు జడిసి ఆగిపోతారని ఇన్నాళ్ళూ నన్ను నోరెత్తనివ్వలేదు."