పేలు పట్టిన పాము

"ఏయ్ హిందియా, ఆ గది తెరువు!"

ఇరాకీ సిపాయి తుపాకీ మడమతో తలుపు మీద బాదాడు. చిన్నక్క చేతిలోని గోరువెచ్చటి నీళ్ళ బకెట్టు తొణికి ఆమె పాదాలు తడిశాయి.

"అందులో పాముంది సార్! మా యూసఫ్ బాబు పెంచుకునే కొండచిలువ. దానికి పేలు పట్టినాయి."

"పాముకు జుట్టెక్కడిది, పేలు పట్టడానికి?" సిపాయిలు పకపకా నవ్వారు. వెనకున్న ఆఫీసరు మాత్రం నవ్వలేదు.

సైన్యం ఆక్రమించుకున్న సబా అల్ సలేం పేటలో ఇల్లిల్లూ గాలిస్తున్నారు. ఈ ఇంట్లో సిపాయిలకు కావలసింది యూసఫ్. గత వారం సైనికుల ట్రక్కు మీద కాల్పులు జరిపిన వాళ్ళలో అతనున్నాడట. అలాంటివాడు దొరికిన ఇంట్లో అందర్నీ గేటు ముందే నిలబెట్టి కాల్చేస్తున్నారు. యూసఫ్ ఎడారి దాటి సౌదీ వెళ్ళిపోయాడని అతని తల్లి, చిన్నక్క మామా అని పిలిచే యజమానురాలు, చెప్పింది కాబట్టి చిన్నక్కకు కొంత ధైర్యం. కడప నుంచి వచ్చిన ఈ ఆరేళ్ళలో నేర్చుకున్న వంటింటి అరబ్బీలోనే మాటలు వెతుక్కుంటోంది.

"నేనూ పాముల్ని పెంచాను," అన్నాడు ఆఫీసరు మెల్లగా. "పురుగుల మందు కొట్టారా?"

"అయ్యో, కొట్టకూడదంట సార్! ఆ గాలి పీలిస్తే పామూ చస్తాదంట. గోరువెచ్చని నీళ్ళలో మెడదాకా నానబెట్టల్ల. కిందేసిన పొట్టు పారేసి తెల్లకాయితం పరచల్ల. దినామూ మార్చల్ల. మామా నేర్పించింది. తలుపు కాడ అన్నీ నేను పెడతా, లోపలికి ఆమే తీసుకపోతాది."

"మరి నీ భుజం మీది ఈ గుడ్డలు?"

"తుడిచేదానికి. నీళ్ళు ఎర్రగా తిరిగొస్తాయి సార్. పేలు తాగిన నెత్తురంట."

ఆఫీసరు తల ఊపి తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ మామా కళ్ళు మూసుకుంది.

"తెరవాకండి సార్!" చిన్నక్క గొంతు చీరుకుపోయింది. "మిమ్మల్ని కరిస్తే మమ్మల్ని కాల్చేస్తారు!"

"ఆకలి మీదుందా?"

"లేదు సార్. దినామూ నేనే పాలు పెడతాండా. మామాకు కూడా తెలీదు. నా టీ మానుకోని, ఆ పాలపొడే కలిపి, తలుపు బెత్తెడు తీసి, కండ్లు మూసుకోని గ్లాసు లోపలికి తోస్తా. ఊర్లో చవితికి పుట్టలో పోసేదాన్ని, ఇంట్లో ఉన్నదానికి పోయనా? సాయంత్రానికి చుక్క మిగల్చదు!"

మామా చేతిలోని జపమాల నేల మీద పడింది.

ఆఫీసరు చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. అతను మామా మొహంలోకి చాలాసేపు చూశాడు.

"ఎంతమంది కొడుకులు నీకు?"

"ఒక్కడే."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "యల్లా, బయటికి నడవండి! ఆ పేలు బట్టల్లోకి ఎక్కాయంటే తెల్లార్లూ గోక్కుంటూ కూర్చోవాలి."

సిపాయిలు ఒకరినొకరు తోసుకుంటూ వెళ్ళారు. ఆఫీసరు గేటు దగ్గర ఆగి చిన్నక్కను చేత్తో పిలిచాడు.

"రేపు ఇంకో దళం వస్తుంది. పేల సంగతి చెప్పు, నీళ్ళ సంగతి చెప్పు. పాల సంగతి మాత్రం ఎత్తకు."

"ఎందుకు సార్?"

"పాములు పాలు తాగవు."